కంభంలో వాల్వు గొడవ

పందొమ్మిదేళ్ళుగా నా కారు బానెట్ నేనే ఎత్తుతున్నాను. బానెట్ ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి "డ్రైవర్ లేడామ్మా" అని అడుగుతారు. అడిగిన ప్రతివాడి మీదా పందొమ్మిదేళ్ళుగా కోప్పడుతూనే ఉన్నాను. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. నీళ్ళు ఎంత వేడికి మరుగుతాయో, మూత బిగిస్తే ఎందుకు ఆలస్యంగా మరుగుతాయో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రేడియేటర్‌లో డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ తప్ప వేరే చుక్క పోయనివ్వను. ఏ రోజు ఏ సామాను మార్పించానో బిల్లులన్నీ వరసగా ఫైల్లో పెట్టుకున్నాను. మా తమ్ముడు దాన్ని రామాయణం అంటాడు.

ఇదంతా గొప్పలు చెప్పుకోవడానికి కాదు. ఒంగోలు నుంచి గిద్దలూరు దాకా నేను చేసిన నాలుగు రోజుల ప్రయాణంలో, నా నోటి దురుసుకు ఒక మనిషి బతుకుతెరువు మీదికి వచ్చింది. ఆ సంగతి రాయాలని కూర్చున్నాను. మధ్యలో చెరువూ ఉగ్గాణీ కూడా వస్తాయి. అటు వెళ్ళనివాళ్ళు వాటికోసమైనా చదవండి.

పొదిలి దాటాక

గిద్దలూరులో సరోజ ఉంటుంది. ఇద్దరం ఒకే బడిలో పదేళ్ళు పనిచేశాం. రిటైరయ్యాక వాళ్ళ ఊరు చేరి, రమ్మని మూడేళ్ళుగా పోరుతోంది. ఆ డొక్కు బండిలో వద్దు, రైలెక్కమన్నాడు తమ్ముడు. ఆ మాట అన్నందుకే కారులో బయల్దేరాను.

పొదిలి దాటి కాస్త దూరం పోయానో లేదో, వేడి చూపించే ముల్లు మెల్లిగా ఎర్రగీత వైపు పాకింది. నా బండిలో ఆ ముల్లు ఎప్పుడూ సగం కూడా దాటదు. చల్లటి బండి అని అందరికీ చెప్పుకునేదాన్ని. పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, బానెట్ ఎత్తి నిలబడ్డాను. ఇలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే, ఏమీ చేయకుండా నలభై నిమిషాలు ఆగడం.

ఒంగోలు రోడ్డు మీద బండి ఆగితే హారన్ కొట్టి తిట్టి పోతారు. ఇక్కడ ఎవరూ ఆగకుండా పోరు. పావుగంటలో మూడు బైకులు, ఒక ట్రాక్టరు ఆగాయి. అందరూ ముందు డ్రైవర్ ఏడని అడిగారు. తర్వాత ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చెప్పారు. ఒకాయన పసుపు పొడి వేస్తే కారడం ఆగిపోతుందన్నాడు. అది నీళ్ళు కారే బండికయ్యా, నాది కారడం లేదు అన్నాను. ఐనా మంచిదే వేసుకోమన్నాడు, పసుపు ఎవరికీ చెడు చేయదన్నట్టు.

ట్రాక్టరాయన ఒక అడుగు ముందుకేసి, తలగుడ్డ చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి పట్టుకుని లాగేశాను. లోపల నూరు డిగ్రీలు దాటిన నీళ్ళు మూత బిగింపుకు అణిగి ఉంటాయి, మూత తీసిన క్షణం మొహాన కొడతాయి అని క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు.

"మా ట్రాక్టర్‌కి ఇట్లనే తీస్తామమ్మా, ఏం కాలేదు ఇంతవరకు" అన్నాడు. ఆయన గడ్డం కింద, మెడ దాకా, పాత కాలిన మచ్చ ఉంది.

మార్కాపురం

ఊరు చేరేసరికి ముల్లు మళ్ళీ పైకెక్కింది. ఒక హోటల్ ముందు ఆపి, బానెట్ ఎత్తి వదిలేసి, చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయాను. రెండు నిమిషాలు. వచ్చి చూస్తే హోటలాయన డ్రమ్ములోంచి మగ్గుతో నీళ్ళు ముంచి, రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ డబ్బాలో పోస్తున్నాడు. బోరు నీళ్ళు. మగ్గు అంచు చుట్టూ సున్నం వేసినట్టు తెల్లటి చార.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరు పోయమన్నారని అడిగాను. ఆయన బిత్తరపోయి, బండి దప్పికతో ఉందని పోశానన్నాడు. మీ హోటల్లో పప్పు ఏ నీళ్ళతో వండుతారని అడిగాను. క్యాన్ నీళ్ళతో, బోరు నీళ్ళకు పప్పు ఉడకదు అన్నాడు. పప్పుకు పనికిరాని నీళ్ళు నా ఇంజన్‌కు ఎట్లా పనికొస్తాయి?

"ఇంజన్ ఉడకాల్సిన పని లేదు గదమ్మా" అన్నాడు.

బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఆయన కూడా నవ్వి, దోసె తెచ్చి పెట్టాడు. చట్నీలో మా వైపుకంటే రెట్టింపు కారం. నలభై రూపాయలు. టీ డబ్బులు మాత్రం తీసుకోలేదు, నా బండికి కష్టం వచ్చింది కాబట్టి. ఇక్కడి సాయంతో ఇదే చిక్కు, కాదనడానికి సందివ్వరు. నేనేమో ఆ డబ్బా విప్పి, నీళ్ళన్నీ రబ్బరు గొట్టంతో లాగేసి, నా దగ్గరున్న డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగాను. చూసినవాళ్ళు నాకేదో మడి పట్టింపు ఉందనుకున్నట్టున్నారు.

కంభం

రాత్రికి మార్కాపురంలోనే ఆగి, రెండో రోజు పొద్దున తర్లుపాడు మీదుగా కంభం చేరేసరికి మళ్ళీ అదే వరస. ఇక ఇలా కాదనుకుని, బస్టాండు దాటాక కనిపించిన ఒక షెడ్డు ముందు ఆపాను. రేకుల కప్పు, కింద నూనె ఓడిన మట్టి, ముందు ఒక స్కూలు వ్యాను. మెకానిక్ పేరు మస్తాన్. యాభై ఏళ్ళుంటాయి. ఈయన డ్రైవర్ ఏడని అడగలేదు. ఎప్పుడు ఎక్కుతోంది వేడి, మిట్ట ఎక్కేటప్పుడా, ఆగినప్పుడా అని అడిగాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

వ్యాను తెచ్చినాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో ప్రైవేటు బడి నడుపుతాడు. అందరూ కరస్పాండెంట్ గారు అంటున్నారు. తన బడి వ్యాన్లు నాలుగింటి పనీ ఏడాది పొడుగునా మస్తాన్‌కే అప్పగించే మాట నడుస్తోంది. ఆయన ఫోను మాట్లాడటానికి అవతలికి పోయినప్పుడు మస్తానే ఆ సంగతి నాకు చెప్పాడు. పన్నెండేళ్ళు హైదరాబాద్‌లో ఎవరిదో షెడ్డులో చేసి, ఇంట్లోవాళ్ళను చూడక, చివరికి వచ్చేశాడట.

"ఈ నాలుగు బండ్లొస్తే ఇంగ ఊరిడిసి పోయే పని లేదక్కా. ఈడనే ఉండిపోతా."

రేడియేటర్ విప్పి, గొట్టం తిరగేసి నీళ్ళు పెడితే, లోపలినుంచి ఇటుక రంగు నీళ్ళు, వాటి వెంట తెల్లటి పెచ్చులు వచ్చాయి. మార్కాపురం మగ్గును తిట్టుకున్నాను. ఇది నిన్నటిది కాదక్కా, శానా ఏళ్ళది అన్నాడు మస్తాన్. నా బండికి అలాంటి నీళ్ళు పోయరన్నాను. ఆయన పెచ్చు ఒకటి వేళ్ళ మధ్య నలిపి చూసి, మళ్ళీ గొట్టం అందుకున్నాడు.

పనిలో పనిగా థర్మోస్టాట్ వాల్వు కూడా తీసి కడగమన్నాను. తెలియనివారి కోసం చెబుతున్నాను. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ నీళ్ళను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా మూసుకుని, వేడెక్కాక తెరుచుకునే చిన్న ఇత్తడి తలుపు అది. కిందటేడే కొత్తది వేయించాను. రెండు గంటలు పడుతుందన్నాడు మస్తాన్. ఆలోపు చెరువు చూసి రమ్మన్నాడు కరస్పాండెంటు.

చెరువు సంగతి ఏం చెప్పను. మా వైపు చెరువంటే ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీదివాళ్ళను పిలవొచ్చు. ఇక్కడ రెండు కొండల మధ్య కట్టిన కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియదు. ఎండకు నీళ్ళ మెరుపు కళ్ళల్లోకి కొడుతోంది. కట్ట మీద ఒకామె ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతోంది, పొట్లం ఇరవై. ఒంటరిగా వచ్చినావా అమ్మా అని అడిగి, జాలిపడి, ఒక గుప్పెడు ఎక్కువ వేసింది. ఆ జాలికీ ఒళ్ళు మండింది. కాయలు మాత్రం తిన్నాను.

తిరిగి వచ్చేసరికి మస్తాన్ ఇంజన్ మీదికి వంగి ఉన్నాడు. నన్ను చూసి నిటారుగా నిలబడి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అక్కా, దీంట్లో వాల్వు లేదు. ఎవురో ముందే తీసేసినారు."

లేకపోవడమేమిటన్నాను. కిందటేడు వేయించానన్నాను. మళ్ళీ చూడమన్నాను. ఆయన ఖాళీ గూడు చూపించాడు. అప్పుడు నేను కారులోంచి ఫైలు తీశాను. కిందటేటి బిల్లు తీసి, ఇదిగో థర్మోస్టాట్ వాల్వు ఒకటి అని రాసి ఉంది, నేను చెరువు కట్టకు పోయేదాకా లోపల ఉన్న వాల్వు ఇప్పుడు ఏమైందని అడిగాను. గొంతు పెద్దది చేసే అడిగాను. ముప్పై ఏళ్ళు అరవై మంది పిల్లలున్న గదుల్లో పాఠం చెప్పిన గొంతు. బస్టాండు దాకా వినపడి ఉంటుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, ఆటోవాళ్ళు, ఎదురుగా టీ కొట్టులోవాళ్ళు, చూస్తుండగానే నలభై మంది చేరారు.

"ఆడమనిషి ఒంటరిగా వస్తే సామాన్లు కొట్టేయొచ్చనుకున్నావా? ఇది దొంగతనం కాకపోతే ఏమిటయ్యా?"

ఆ మాట నేనే అన్నాను. అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

మస్తాన్ తిరిగి అరవలేదు. పనిముట్ల పెట్టె తెచ్చి, గోనెసంచి మీద బోర్లించాడు. చొక్కా జేబులు, ప్యాంటు జేబులు బయటికి లాగి చూపించాడు. అది చూసి నేను తగ్గాల్సింది. నాటకం అనుకుని ఇంకా పెంచాను. కరస్పాండెంటు నా చేతిలోంచి బిల్లు తీసుకుని, పైకి చదివి, మడత చెదరకుండా తిరిగి ఇచ్చాడు. మస్తాన్ వైపు చూడలేదు. వ్యాను తాళంచెవులు బెంచీ మీదినుంచి తీసుకుని, డ్రైవర్‌ను పిలిచి, వ్యానుతోపాటు వెళ్ళిపోయాడు. ఆ వ్యాను పని ఇంకా మొదలుపెట్టనే లేదు.

మస్తాన్ మార్కాపురం దుకాణానికి ఫోను చేశాడు. మధ్యాహ్నం బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపితే కొత్త వాల్వు వచ్చింది. ఈ ఊళ్ళలో బండి సామాన్లన్నీ బస్సుల్లోనే అలా వస్తాయట. బిగించి, నా డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ కొలిచి పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజన్ నడిపి, అప్పుడు మూత పెట్టాడు. పని ఎంత శుభ్రంగా చేశాడో నేను చూస్తూనే ఉన్నాను. వాల్వు ఖర్చు ఇవ్వనన్నాను, నా వాల్వు నేను రెండోసారి కొనుక్కోనన్నాను. కూలి మాత్రం ఇచ్చాను. ఆయన లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు.

రాచర్ల దారి

కంభం దాటి ఎంతో దూరం పోలేదు, ముల్లు సగం దాకా లేచి అక్కడే నిలబడింది. మిట్టలో కదల్లేదు, పల్లంలో కదల్లేదు. చూశావా, దొంగ చేతనే సరిగ్గా పని చేయించుకున్నానని సంతోషించాను.

రాచర్ల దగ్గర గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. ఇంజన్ నడుస్తుండగా చాలాసేపు ఆగాను. ముల్లు ఒక గీత పైకి పోయింది, ఫ్యాను గుర్రుమని తిరిగింది, ముల్లు మళ్ళీ సగానికి దిగింది. పుస్తకంలో బొమ్మ వేసినట్టు. అప్పుడు అనుమానం వచ్చింది. ఈ ముల్లు ఇలా నిలబడటం నేను ఎప్పుడు చూశాను?

డిసెంబరు పొద్దుల్లో బడికి పోయేటప్పుడు గేటు దాకా పోయినా ముల్లు అడుగునుంచి లేచేది కాదు. దాన్నే చల్లటి బండి అని మురిసిపోయాను. వాల్వు ఉన్న ఇంజన్ పది నిమిషాల్లో వేడెక్కాలి. నీళ్ళు మొదటినుంచీ రేడియేటర్‌లో తిరుగుతుంటేనే అలా చల్లగా ఉంటుంది. వాల్వు లేకపోతేనే అలా తిరుగుతాయి. తొమ్మిదో తరగతి పిల్లను అడిగినా చెప్పేది. వేడి పాఠం నేను ఏటా చెప్పాను.

గొర్రెలు పోయాక బండి పక్కకు తీసి, ఒంగోలులో నా మెకానిక్ సుబ్బారావుకు ఫోను చేశాను. పందొమ్మిదేళ్ళుగా నా బండి ముట్టుకునే మనిషి అతనొక్కడే. పొద్దున షెడ్డులో వదిలి బడికి పోయి, సాయంత్రం తెచ్చుకునేదాన్ని. కిందటేడు వాల్వు వేశావా లేదా, నిజం చెప్పమన్నాను. నవ్వాడు.

"మన ఎండలకి వాల్వెందుకు మేడమ్, ఎనిమిదేళ్ళ క్రితమే తీసి పారేశాను. బిల్లులో రాయకపోతే మీరు ఊరుకోరు కదండీ, అందుకని రాస్తున్నాను."

తల కొట్టేసినట్టయింది. నీళ్ళ సంగతి అడగలేదు. ఆ పెచ్చులు ఎవరి నీళ్ళవో అడక్కుండానే తెలిసింది. అతన్ని తిట్టాల్సినంతా తిట్టాను, ఫోను పెట్టేశాక కూడా తిట్టాను. గొర్రెలాయన వెనక్కి తిరిగి, బండి చెడిపోయిందా అమ్మా అని అడిగాడు. లేదు నాయనా, బండి బాగుంది అన్నాను.

అక్కణ్ణుంచి కంభం అరగంట కూడా లేదు. వెనక్కి తిప్పలేదు. సరోజ అన్నం వండి ఎదురుచూస్తుంటుందని నాకు నేనే సాకు చెప్పుకుని గిద్దలూరు పోయాను.

గిద్దలూరు

మూడో రోజంతా అక్కడే. పొద్దున ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ. నానబెట్టిన బొరుగులు తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లుతారు. మా ఒంగోల్లో బొరుగులు సాయంత్రం మిక్చర్‌లోకే, ఇక్కడ అదే పొద్దుటి టిఫిను, ప్లేటు ముప్పై. మధ్యాహ్నం సరోజ చేసిన రాగి సంగటి, వేరుశెనగ పచ్చడి. అన్నీ బాగున్నాయి. ఒక్కటీ లోపలికి దిగలేదు.

సాయంత్రానికి ఆగలేక సరోజకు చెప్పేశాను. నేను తిట్టినప్పుడు అక్కడ ఎవరెవరు ఉన్నారని అడిగింది. బజారంతా ఉందన్నాను.

"ఐతే చెప్పేటప్పుడు కూడా బజారంతా ఉండాల. ఇంట్లో కూర్చోని బాధపడితే అతనికేం వచ్చె?"

దానిమీద కూడా కోపం వచ్చింది, సరిగ్గా చెప్పినందుకు.

మళ్ళీ కంభం

నాలుగో రోజు ముందుగా బడికి పోయాను. కరస్పాండెంటు మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. జరిగిందంతా చెప్పి, సుబ్బారావుకు ఫోను కలిపి వినిపిస్తానన్నాను. అక్కర్లేదన్నాడు. వ్యాన్లు నిన్ననే మార్కాపురంలో ఒక షెడ్డుకు ఒప్పజెప్పాడట.

"మీరు చెప్పేది నిజమే కావచ్చు మేడమ్. కానీ పిల్లలెక్కే బండ్లు. ఒక మాట పడినాక మళ్ళీ ఆయన చేతికే ఇస్తే పేరెంట్స్ నన్ను అడుగుతారు."

ఆ మాట పడేసింది నేనే, అది అబద్ధమని చెబుతున్నది కూడా నేనే కదా అన్నాను. మొన్న నా బిల్లు నమ్మినవారు ఇవాళ నన్నెందుకు నమ్మరని అడిగాను. ఆయన కాఫీ చల్లారిపోతోందన్నాడు. తాగకుండా లేచి వచ్చేశాను.

మస్తాన్ ఒక ఆటో కింద పడుకుని ఉన్నాడు. నా కారు చప్పుడుకు బయటికి వచ్చి, నన్ను పలకరించకుండా ముందు బానెట్ ఎత్తాడు. డబ్బాలో నీళ్ళ గీత చూశాడు, గొట్టాల బిగింపులు వేలితో తడిమి చూశాడు. బాగుంది, ఇంగ ఏం కాదన్నాడు. నేను చేతులు జోడించి, తప్పు నాదే మస్తాన్, నువ్వు తీయలేదు, అది ఎనిమిదేళ్ళుగా లేదు, క్షమించు అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభమక్కా. తీయలేదని నాకు అప్పుడే తెల్సు గదా."

వాల్వు డబ్బులిస్తే తీసుకున్నాడు. హైదరాబాద్ షెడ్డాయనకు ఫోను చేశాడట, వచ్చే వారం రమ్మన్నాడట. ఆ సంగతి కూడా నేను అడిగితేనే చెప్పాడు. మళ్ళీ ఆటో కిందికి దూరాడు.

షెడ్డు ముందే నిలబడి, మొన్నటి గొంతుతోనే చెప్పాను. అయ్యా, మొన్న నేను మస్తాన్‌ను అన్నది తప్పు, ఆయన దొంగ కాదు, పొరపాటు నాది అని. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తలలు తిప్పి చూసి, మళ్ళీ బస్సు వచ్చే వైపు తిరిగారు. ఇద్దరు ఆటోవాళ్ళు ఆగి, గొడవేమీ లేదని తెలిసి వెళ్ళిపోయారు. మొన్న నలభై మందిని చేర్చిన గొంతు ఇవాళ నలుగుర్ని నిలబెట్టలేకపోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

రోడ్డు దాటి టీ కొట్టుకు పోయాను. మొన్న అందరికంటే ముందు నిలబడి చూసింది ఆ కొట్టాయనే. పది రూపాయలిచ్చి టీ తీసుకుని, బెంచీ మీదున్న ముగ్గురికీ కూడా వినపడేట్టు సంగతంతా చెప్పాను. మెకానిక్ తీయలేదని, వాల్వు అసలు బండిలోనే లేదని, బిల్లులో ఉత్తుత్తినే రాశారని.

ఆయన పాలు తిరగబోస్తూ అంతా విన్నాడు.

"ఐతే దొరికిందా అక్కా వాల్వు?" అని అడిగాడు.

గ్లాసు పక్కన పెట్టి, మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఈసారి మెల్లగా, ఒక్కో మాట విడదీసి, బడిలో వెనక బెంచీకి చెప్పినట్టు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, అర్థమైనట్టు తల ఊపి, షెడ్డు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"పోనీలే అక్కా, దొరికింది గదా."